లంక, దాళ్వా, పంటు: మన డెల్టా మాటల జాడ పట్టడం ఎలా?

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి లంక అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటి నడుమ మేట వేసిన నేల. దాని మీద అరటి తోట, కంద, పశువుల పాక, కొన్నిచోట్ల బడీ గుడీ ఉన్న పెద్ద ఊరు. అదే మాట కడపలోనో కరీంనగర్‌లోనో అనండి, ముందు రావణాసురుడు గుర్తొస్తాడు, ఆ తర్వాత క్రికెట్ టీము. దాళ్వా, అంటే రెండో పంట వరి, డెల్టా దాటాక చాలామందికి అర్థం కాదు. పంటు మీద బండెక్కించి ఏరు దాటామంటే మరీ వింతగా చూస్తారు.

ఇలాంటి మాట ఒకటి పట్టుకుని, పేపర్లవాళ్లు దాన్ని ఎలా రాస్తున్నారు, పాత పుస్తకాల్లో ఎలా ఉండేది, అర్థం ఎక్కడ జరిగింది అని వెతకాలని మీకెప్పుడైనా అనిపిస్తే ఇది మీకోసమే. పెద్ద చదువులు అక్కర్లేదు. ఫోను, నోట్‌బుక్కు, కాస్త ఓపిక ఉంటే చాలు.

పనిలోకి దిగేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మాట ఎక్కడ దొరికిందన్నది సగం సంగతే. ఆ దొరికిన చోటు ఎలాంటి మాటల్ని లోపలికి రానిస్తుందన్నది మిగతా సగం. పేపరు సాధారణంగా వరదొస్తే గానీ లంక జోలికి పోదు. రెవిన్యూ కాగితానికి శిస్తు, పట్టా తప్ప ఇంకేం పట్టదు. కావ్యానికి లంక అంటే సముద్రం అవతలి బంగారు కోటే. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నో చూసి “ఈ మాటకు అర్థం ఇదీ” అని తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

విన్న వాక్యం విన్నట్టే రాసుకోండి

మాట ఒక్కదాన్నే రాసుకుంటే వారం తిరిగేసరికి అది ఎందుకు రాసుకున్నారో మీకే గుర్తుండదు. వాక్యం మొత్తం రాయండి. “దాళ్వా అంటే రెండో పంట” అని రాసుకోవడం కంటే “ఈసారి దాళ్వాకి నీళ్లివ్వరంటండీ” అని విన్నది విన్నట్టు రాసుకోవడం వందరెట్లు నయం. రెండో దాంట్లో నీళ్లున్నాయి, ఇచ్చేవాళ్లున్నారు, ఇవ్వరేమోనన్న టెన్షన్ కూడా ఉంది. దాళ్వా కాలువ నీటి మీద బతికే పంట అని నిఘంటువు తెరవకుండానే తెలిసిపోయింది.

పక్కనే ఎవరన్నారు, ఏ ఊళ్లో, ఏ నెలలో అన్నది రాయండి. పేపర్లో చూస్తే పేపరు పేరు, తారీఖు, ఏ జిల్లా ఎడిషనో రాయండి. జిల్లా దగ్గర కొంచెం జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక అమలాపురం వార్తలు కోనసీమ జిల్లా పేజీలోకి, భీమవరం వార్తలు కొత్త పశ్చిమగోదావరి పేజీలోకి వెళ్లాయి. అంతకుముందు ఊడిమూడిలంక గురించి వెతకాలంటే తూర్పుగోదావరి పేజీ తిప్పాలి. ఇంకా వెనక్కి పోతే 1925కి ముందు తూర్పూ పశ్చిమా లేవు, ఉన్నది గోదావరి జిల్లా; భీమవరం, నరసాపురం వైపు తాలూకాలైతే 1904 నుంచి కృష్ణా జిల్లాలో ఉండేవి. 1859కి ముందు కాగితాల్లో రాజమండ్రి జిల్లా అని ఉంటుంది. ఈ పేర్లు తెలియకుండా పాత రికార్డుల్లో వెతికితే ఉన్నది కూడా కనపడదు.

మీ మాటకున్న చిక్కు ఏ రకమో చూసుకోండి

అన్ని మాటల్నీ ఒకే పద్ధతిలో వెతికితే కుదరదు. లంక తీసుకోండి. స్పెల్లింగులో ఇబ్బంది లేదు, ఎవరు రాసినా లంకే. ఇబ్బందంతా అర్థాల్లో ఉంది. శ్రీలంక, రావణలంక, ఇంటిపేరు లంక, విజయవాడలో కృష్ణలంక, కొల్లేరు లంక గ్రామాలు, అన్నీ కలిసి మీద పడతాయి.

దాళ్వాది దీనికి తిరగేసిన బాధ. అర్థం ఒక్కటే, వేరే మాటతో కలిసిపోయే భయం లేదు. కానీ రాసే తీరులో ఎవరిదారి వారిదే. దాళ్వా, దాల్వా, దాళవా, దాళువా, ఏది కొడితే దానికి తగ్గవే వస్తాయి. అందుకని వెతకడానికి ముందే ఒక కాగితం మీద ఉండగల స్పెల్లింగులన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టి చూడాలి. ళ ఉన్నచోట ల, దీర్ఘం ఉన్నచోట హ్రస్వం, ఒత్తు ఉన్నచోట విడి అక్షరం. ఫోన్లో టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని విరామం పడినా సెర్చికి అది వేరే మాటే. కాజ్‌వే అనే మాట కొన్ని వార్తల్లో దొరికి కొన్నింట్లో దొరక్కపోవడానికి చాలాసార్లు కారణం అదే.

పంటుకి రెండు బాధలూ ఉన్నాయి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య మనుషుల్నీ బళ్లనీ దాటించే దాన్ని కొందరు పంటు అని, కొందరు పంటి అని రాస్తారు. పంటి అని సెర్చి కొట్టి చూడండి, పళ్ల డాక్టర్ల ప్రకటనలు వరస కడతాయి. పన్ను అనే మాటకి పక్కన ఇంకో మాట చేరితే అది పంటి అవుతుంది కదా. పంటు అని కొడితే సెర్చి మీ వేలిది తప్పనుకుని పంటలు చూపిస్తుంది. ఇలాంటి మాటని ఒంటరిగా వెతక్కూడదు. రేవు పేరు తోడిచ్చి వెతకాలి.

నిఘంటువు తెరిచేముందు దాని గుమ్మం చూడండి

ఆన్‌లైన్లో ఆంధ్రభారతి నిఘంటు శోధనలో మాట కొడితే చాలా నిఘంటువులు ఒక్కసారే చూపిస్తుంది. పని తేలికే. అయితే ఫలితాలన్నీ ఒకే వరసలో కనపడేసరికి అన్నీ ఒకే రకం పుస్తకాలనుకుంటాం. వాటి స్వభావాలు వేరు.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885 నాటిది. ప్రామాణికమనుకున్న కావ్యభాషకు పట్టం కట్టిన పుస్తకం. రైతు నోటి మాట అందులో లేకపోతే ఆశ్చర్యపోకండి.

సూర్యరాయాంధ్ర నిఘంటువు మన గడ్డ మీద పుట్టిన పుస్తకం. పిఠాపురం మహారాజా పోషణలో, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పూనికతో తయారైంది. మొదటి సంపుటం 1936లో వచ్చింది, మొత్తం ఎనిమిది సంపుటాలు. దాని వెనకున్న జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక వాదులు, గిడుగు రామమూర్తిగారి వాడుక భాషా వాదానికి ఎదురు నిలబడ్డవారు. అందువల్ల ఈ నిఘంటువు ఒక మాటకి అర్థం చెప్తే కింద కవి ప్రయోగం చూపిస్తుంది, అది దాని గొప్పతనం. ప్రయోగం దొరకని వాడుక మాటని బయటే ఉంచేస్తుంది, అది దాని పరిమితి. గోదావరి ఒడ్డున అచ్చమైన గోదావరి మాటలకి చోటు తక్కువైన నిఘంటువు తయారవడం నాకు ఎప్పుడూ కాస్త వెలితిగానే ఉంటుంది. తర్వాత రవ్వా శ్రీహరిగారు ఇందులో చేరని మాటలెన్నో ఏరి శ్రీహరి నిఘంటువు చేశారు, అదీ చూడండి.

బ్రౌన్ దొర సంగతి వేరు. కడపతో పాటు మచిలీపట్నంలో, రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసి జనం మాట విన్న మనిషి. కావ్యాలు ఎంత చదివాడో వాడుక మాటలూ అంత ఏరుకున్నాడు. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఇప్పుడు మనకి ఎక్కువగా దొరికేది 1903లో వేరేవాళ్లు దిద్ది పెంచిన కూర్పు. ఇది మర్చిపోయి “1852లోనే ఈ మాట ఉంది” అని రాసేస్తుంటారు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఆ మాట అనకూడదు. గాలెట్టి అనే ఐసీఎస్ అధికారి 1935లో వేసిన నిఘంటువు అంతగా ఎవరికీ గుర్తుండదు కానీ, అప్పటి వాడుక తెలుగుకి అది మంచి అద్దం.

సాగు మాటలకైతే ఇవన్నీ పక్కనపెట్టి ముందు మాండలిక వృత్తి పదకోశం తెరవండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. ఊళ్లు తిరిగి రైతుల్ని అడిగి, ఒకే పనిముట్టుని, ఒకే పనిని ఏ జిల్లాలో ఏమంటారో రాసిన పుస్తకం. దాళ్వా, సార్వా (ఖరీఫ్ పంట) లాంటివి వెతికేవాళ్లకి ఇంతకంటే మంచి తావు లేదు.

వెతికి చూశాక ప్రతి నిఘంటువు పేరు ఎదురుగా దొరికింది, దొరకలేదు అని రెండూ రాసుకోండి. దొరకలేదన్నది కూడా ఆధారమే, ఎందుకు దొరకలేదో మీకు తెలుసు కాబట్టి.

పేపర్లలో వెతకడం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇవాళ మాట బతికున్నదో లేదో తెలిసేది ఇక్కడే.

సెర్చి పెట్టెలో మాటని డబుల్ కోట్స్ మధ్య పెట్టండి, అప్పుడు దాన్ని మార్చకుండా వెతికే అవకాశం ఎక్కువ. అక్కర్లేని మాటల ముందు మైనస్ గుర్తు పెట్టండి. లంక కోసమైతే “లంక”, “ఏటిగట్టు” అని రెండూ కోట్స్‌లో పెట్టి, పక్కన శ్రీలంక, రావణ, క్రికెట్ మాటలకి మైనస్ తగిలించండి. ఏటిగట్టు ఎందుకంటే కొలంబో వార్తలో ఏటిగట్టు రాదు. ఇలా మీ మాటతో ఎప్పుడూ కలిసి తిరిగే ఇంకో మాటని తోడుగా ఎంచుకోవడం ఈ పనిలో అసలు కిటుకు. దాళ్వాకి తోడు నారుమడి, శివారు, సీలేరు. డెల్టాలో రెండో పంటకి గోదావరిలో నీళ్లు చాలకపోతే సీలేరు జలాలు వదలమని అడుగుతారు, అందుకే ఆ రెండు మాటలూ ఒకే వార్తలో కనపడతాయి. పంటుకి తోడు రేవు, సఖినేటిపల్లి.

తర్వాత కాలం చూసుకోండి. లంక కావాలంటే జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చిన వార్తలు తిప్పండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటిందంటే లంక గ్రామాల పేర్లు వార్తల్లో వరసపెట్టి వస్తాయి. కనకాయలంక కాజ్‌వే, ఊడిమూడిలంక పడవలు, రాజమండ్రి దగ్గర బ్రిడ్జిలంక వాళ్లని ఒడ్డుకి తెచ్చిన వార్త. వాటిలో లంక పక్కన ఉండే మాటలు చూడండి: ముంపు, నాటు పడవ, పునరావాసం, పశుగ్రాసం. నీళ్లు తీశాక ఇంకో జత వస్తుంది: కోత, ఇసుక మేట, అరటి నష్టం. శీతాకాలంలో మాత్రం ఆ మాట చాలావరకు సద్దుమణుగుతుంది. అప్పుడు లంకలో మనుషులు కూరగాయలు పండించి రావులపాలెం సంతకి తోలుతూనే ఉంటారు, అది వార్త కాదు, అంతే. పేపర్ని మాత్రమే చూసినవాడికి లంక అంటే మునిగేది అనే అర్థం వస్తుంది. లంకలో ఉన్నవాడికి అది పండేది.

దాళ్వా వార్తలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఇక్కడ ఒక తమాషా గమనించండి. సాగునీటి సలహా మండలి సమావేశం వార్తలో అధికారి నోట రబీ అని ఉంటుంది. అదే వార్తలో రైతు నోటికొచ్చేసరికి దాళ్వా అవుతుంది. రెండూ ఒకటే అనుకోకండి. రబీలో మినుము, పెసర కూడా చేరతాయి. డెల్టాలో దాళ్వా అన్నామంటే మనసులో ఉండేది వరి. ఎవరి నోట ఏ మాట వచ్చిందో మీ నోట్‌బుక్కులో వేరే గడి గీసి రాసుకుంటే, కొన్ని వార్తలయ్యేసరికి ఈ తేడా దానంతటదే తేలుతుంది. సార్వాకైతే 2011 మంచి ఏడాది. కోనసీమ రైతులు ఆ ఖరీఫ్‌లో పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించారు, కాబట్టి అప్పటి వార్తల్లో రైతుల మాటలు మామూలు కంటే ఎక్కువగా అచ్చయ్యాయి.

ఊళ్ల పేర్లనీ వదలకండి. ముమ్మిడివరం వైపు లంకాఫ్ ఠాణేలంక అనే పేరు పేపర్లలో కనపడుతుంది. ఇంగ్లీషు రెవిన్యూ రికార్డులో ఠాణేలంకకి ఆనుకున్న లంక అని రాసుకున్నది అలాగే ఊరి పేరై కూర్చుంది. ఒకే పేరులో లంక రెండుసార్లు! కాకినాడలో ఏటిమొగ కూడా ఇలాంటిదే. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. పేపర్లు ఇప్పుడు ఎక్కువగా ముఖద్వారం అనో సీమౌత్ అనో రాస్తున్నాయి, పాత మాట పేట పేరులో దాక్కుంది. వాడుకలో పలచబడిన మాట చివరికి ఊరి పేరులో మిగులుతుంది. అందుకే మండలాల వారీగా ఊళ్ల జాబితా ఒకసారి తిరగేయడం దండగ కాదు.

ఇక ఈ-పేపరు పేజీలు చాలావరకు బొమ్మలే, వాటిలో అక్షరాలు సెర్చికి కనపడవు. యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లలో పెట్టిన వార్తలూ అంతే.

పాత పేపర్లకి వెళ్లినప్పుడు సంఘటనే సూచిక

ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. కృష్ణాపత్రిక 1902 నుంచి మచిలీపట్నంలో నడిచింది. ఇంకా వెనక్కి పోతే వీరేశలింగంగారు 1874లో పెట్టిన వివేకవర్ధని. వీటి సంచికలు కొన్ని ప్రెస్ అకాడమీవాళ్లు స్కాన్ చేయించారు, కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కూడా అడిగి చూడండి.

స్కాన్ బొమ్మల్లో మాట కొట్టి వెతకలేం. అప్పుడు చేయాల్సింది తారీఖుని పట్టుకోవడం. గోదావరికి పెద్ద వరదలొచ్చిన సంవత్సరాలు తెలుసు: 1953, 1986, 2006, 2022. 1986 ఆగస్టు సంచికలు తీసుకుని, భద్రాచలం దగ్గర నీళ్లు పెరిగిన వార్త ఎక్కడుందో చూసి, అక్కడ్నుంచి వారం రోజులు ముందుకి తిప్పండి. డెల్టా వార్తలు ఆ పేజీల్లోనే ఉంటాయి. 1953కి అదే పద్ధతి. అప్పటి విలేకరి లంక గ్రామాలు అన్నాడా, లంకలు అన్నాడా, దీవులు అన్నాడా, ఆ మాటని వివరించకుండా వాడాడా లేక పక్కన అర్థం కూడా చెప్పాడా అని చూడండి. అర్థం చెప్పాడంటే చదివేవాడికి ఆ మాట తెలీదని అతను అనుకున్నట్టు. ఈ చిన్న సంగతి మాట ఎంత దూరం పాకిందో చెప్తుంది.

పుస్తకాల్లో వెతికేవాళ్లకి కొంచెం వ్యాకరణం

పాత సాహిత్యానికి తెలుగు వికీసోర్స్ మొదటి మెట్టు. అక్కడి పుస్తకాల్లో చాలావాటిని మనుషులు అచ్చుతప్పులు దిద్దారు కాబట్టి సెర్చి పనిచేస్తుంది. ఆర్కైవ్‌లో యంత్రం చదివిన పాఠాల్లో తప్పులు ఎక్కువ, ఒత్తులు అక్కడే ముందు ఎగిరిపోతాయి.

పాత అచ్చులో మీ మాట ఇవాళ్టి వేషంలో ఉండదు. ఏరు అని కొడితే దొరకదు, అక్కడ ఏఱు అని బండిరతో ఉంటుంది. దాటు అని వెతికితే దాఁటు అని అరసున్నతో ఉంటుంది. పద్యంలో ఇంకో చిక్కు. మాట మొదట్లో ఉన్న క, చ, ట, త, ప అక్షరాలు ముందు మాటని బట్టి మారిపోతాయి. వాడు పోయె అన్నది వాఁడు వోయె అవుతుంది. పడవ అనే మాట బడవగానో వడవగానో కనపడవచ్చు. అందుకని ప తో మొదలయ్యే మాటకి బ, వ లతో కూడా వెతకండి. లంకకి ఈ బాధ లేదు, ల మారదు.

లంకకి బాధ మొల్లతో, మిగతా రామాయణ కవులతో. కావ్యాల్లో వచ్చే లంకలు దాదాపు అన్నీ హనుమంతుడు కాల్చినదే. వాటిని తీసేయడానికి మళ్లీ తోడుమాటే ఆధారం. లంకతో పాటు మేత, పొగాకు, గోదావరి, కౌలు లాంటివి ఉన్న చోట్లు ఏరండి. ఎక్కువగా వచనంలో దొరుకుతాయి: స్వీయచరిత్రలు, కథలు, యాత్రా రచనలు. గోదావరి జిల్లా నుడికారం కావాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వచనం చదవడం మొదలుపెట్టండి. వెతకడం మాట ఎలా ఉన్నా చదివిన పుణ్యం దక్కుతుంది.

సామెతల్ని సాహిత్యం కాదని వదిలేస్తారు చాలామంది. పొరపాటు. రెండు సామెతలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి “లంకలో పుట్టినవాళ్లంతా రాక్షసులే.” ఇది రామాయణం లంక, ఏ జిల్లాలోనైనా అంటారు. రెండోది “ఏటి ఈత, లంక మేత.” కొందరు గోదావరి ఈత అని కూడా అంటారు. పశువు ఏరు ఈదుకుంటూ లంకలోకి పోయి కడుపునిండా మేస్తుంది, మళ్లీ ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి మేసింది కాస్తా ఈతకే సరిపోతుంది. వచ్చింది వచ్చినట్టే పోయే సంపాదన గురించి అనే మాట. ఈ సామెత పుట్టాలంటే చుట్టుపక్కల ఏరుండాలి, ఏట్లో లంకలుండాలి, వాటిలో పచ్చిక ఉండాలి. ఏ నిఘంటువూ ఇవ్వనంత అర్థం నాలుగు మాటల్లో ఉంది. కార్ అనే దొర 1868లో అచ్చు వేసిన తెలుగు సామెతల సంపుటి లాంటివి తిరగేసి, మీ మాట ఏ సామెతలో ఏ రూపంలో ఉందో తారీఖుతో సహా రాసుకోండి.

ఇంగ్లీషు కాగితాల్లో తెలుగు మాట

మన మాట పాత జాడ ఒక్కోసారి తెలుగులో కంటే ఇంగ్లీషులో ముందు దొరుకుతుంది. దొరలు శిస్తు కోసం రాసుకున్నవి దొంతరలు దొంతరలుగా ఉన్నాయి. మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వివరం, హెమింగ్వే 1907లో రాసిన గోదావరి గెజిటీరు, రెండూ ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఇక్కడా స్పెల్లింగు చూసుకోవాలి. లంకని ఎల్, ఏ తో రాసినవారున్నారు, ఎల్, యు తో రాసినవారున్నారు.

ఆ ఎల్, యు స్పెల్లింగే ఒక మంచి కథ చెప్తుంది. యూల్, బర్నెల్ కలిసి 1886లో వేసిన హాబ్సన్ జాబ్సన్ అనే నిఘంటువులో లంకా అంటే మద్రాసు రాజధానిలో బాగా గిరాకీ ఉన్న ఘాటైన చుట్ట అని ఉంది. గోదావరి డెల్టాలో లంక అని పిలిచే దీవుల్లో పండిన పొగాకుతో చేస్తారు కాబట్టి ఆ పేరట. నాలుగేళ్లకి, 1890లో, షెర్లాక్ హోమ్స్ ద సైన్ ఆఫ్ ఫోర్ నవలలో చుట్టల బూడిద గురించి వాట్సన్‌కి చెప్తూ ఈ లంకా చుట్ట పేరే ఎత్తుతాడు. హంతకుడు అది కాల్చేవాడని తెలిస్తే వెతకాల్సిన మనుషులు తగ్గుతారని అతని లెక్క. మన ఏటి నడుమ మేట పేరు లండన్ డిటెక్టివ్ నోట్లోకి చుట్టగా వెళ్లిందన్నమాట.

అంటే అప్పట్లో లంక పక్కన తిరిగిన మాట పొగాకు, ఇప్పుడు తిరిగేది వరద. ఇక్కడే తొందరపడొద్దు. మాట అర్థం మారిపోయిందని రాసేయకండి. అప్పటి కాగితం రాసింది వ్యాపారి, అధికారి. ఇప్పుడు రాసేది విలేకరి. 1886లోనూ లంకలు మునిగాయి, ఇప్పుడూ పండుతున్నాయి. మారింది చూసే కన్ను. అర్థం నిజంగా మారిందని చెప్పాలంటే ఒకే రకం చోటు నుంచి, అంటే పేపరు నుంచి పేపరుకి, గెజిటీరు నుంచి గెజిటీరుకి, పోల్చి చూపించాలి.

మనుషుల్ని అడగడం

రేవులోనో గట్టు మీదో పెద్దవాళ్లు దొరికితే “తాతగారూ, లంక అంటే ఏంటండీ?” అని అడక్కండి. ఆయన మిమ్మల్ని ఎగాదిగా చూసి “లంకంటే లంకే కదండీ” అంటాడు. అంతటితో మాట ఆగిపోతుంది. “ఏరొచ్చినప్పుడు పశువుల్ని ఎటు తోలుకెళ్లేవారండీ?” అని అడగండి. ఆయ్, అని మొదలుపెట్టి అర్ధగంట చెప్తారు. అందులో లంక ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా వచ్చిందో మీరు వింటూ ఉండండి. ఆ ధారలో మీరడగని మాటలు ఇంకో పది వస్తాయి, అవీ రాసుకోండి. రికార్డు చేయాలంటే ముందే అడిగి చేయండి. ఇంటిపేర్లు, ఊళ్లో గొడవలు మీ నోట్‌బుక్కు దాటి బయటికి రానివ్వకండి.

ఆడవాళ్లని తప్పకుండా అడగండి. కూరగాయల బుట్టతో పంటు ఎక్కే అమ్మ వాడే మాటలు గట్టు మీద కూర్చున్న తాతగారి మాటలు కావు.

చివరికి రాయడం

పోగేసినవన్నీ తారీఖు వరసలో పెట్టండి. ప్రతి వాక్యానికి ఎదురుగా నాలుగు సంగతులు ఉండాలి: ఎప్పటిది, ఎక్కడిది, ఎవరి నోటిది, పక్కన ఏ మాటలున్నాయి. అప్పుడు అర్థాలు రాయండి, అంతకుముందు వద్దు. లంకకైతే ఏటి నడుమ మేట, కొల్లేటి నడుమ ఊరు, ఊరిపేరు చివర వచ్చే లంక, లంక పొగాకు, లంక భూమి అనే రెవిన్యూ అర్థం, ఇలా విడివిడిగా తేలతాయి. లంకంత ఇల్లు అనే మాట మటుకు రావణుడి ఖాతాలో వేయండి, దానికీ గోదావరికీ సంబంధం లేదు.

వ్యుత్పత్తి జోలికి అన్నిటికంటే ఆఖర్న వెళ్లండి. పంటు ఇంగ్లీషు మాటలా వినపడుతుంది, నిజమే కావచ్చు. లాకు అలా వచ్చిందే, కాలువల మీద కాటన్ దొర కాలం నాటి లాకులు ఇంకా ఉన్నాయి. కానీ చెవికి అలా ఉందని రాసేయకూడదు. పంటు అనే మాట మొదట ఏ సంవత్సరం కాగితంలో, ఏ రేవు గురించి కనపడిందో, దానికి ముందు అదే రేవులో తిరిగినదాన్ని ఏమనేవారో తేలాలి. బల్లకట్టు అనేవారా, పడవ అనేవారా? ఆ రెండు తారీఖులూ దొరికేదాకా ఆ గడి ఖాళీగా ఉంచండి.

తయారైనదాన్ని తెలుగు విక్షనరీలో చేర్చవచ్చు. అర్థం ఒక్కటే పెట్టి వదిలేయకుండా కింద ప్రయోగాలు తారీఖులతో ఇవ్వండి. ఫలానా ఏడాదికి ముందు కనపడలేదు అని రాయాల్సివస్తే, మీరు ఏ పత్రికలు ఏ నెలల సంచికలు తిప్పారో కూడా పక్కనే రాయండి. మిగతా నెలలు ఇంకెవరైనా తిప్పుతారు.